మతిమరుపు వ్యాధిగా మారిన క్రమం: ఆయుర్వేద వాఙ్మయం, తెలుగు పదజాలం, అల్జీమర్స్

హైదరాబాదు ఉత్తరపు శివార్లలో, నాగారం నుంచి శామీర్‌పేట దాకా, మూలికల దుకాణంలో జ్ఞాపకశక్తికి మందు అడిగితే సాధారణంగా సరస్వతి చూర్ణమో, బ్రాహ్మీ మాత్రలో, సారస్వతారిష్టమో చేతికిస్తారు. అడిగింది పరీక్షలకు చదువుతున్న పిల్లవాడి కోసమా, మనుమల పేర్లు మరచిపోతున్న తాత కోసమా అన్న తేడా అక్కడ పెద్దగా కనిపించదు. ఇటీవలి ఆరోగ్య రచనల్లోనూ ఇదే పరిస్థితి. అల్జీమర్స్ వ్యాధికి ఆయుర్వేదంలో ‘స్మృతిభ్రంశం’ అని పేరుందనీ, ఆ వ్యాధికి మేధ్య రసాయనాలు చికిత్స అనీ రాస్తున్నారు. ఈ సమీకరణానికి గ్రంథాల ఆధారం ఎంత? సంహితలు ముదిమిలోని మరుపును రోగంగా గుర్తించాయా? గుర్తించకపోతే నేడు మనం వాడుతున్న పదం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నలను వాఙ్మయ చరిత్ర దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ మందు పనిచేస్తుందో తేల్చడం వైద్య పరిశోధకుల పని. ఏ పదానికి ఏ అర్థం, ఏ మొక్కకు ఏ పేరు అని తేల్చడం మాత్రం భాషాసాహిత్య విద్యార్థుల పని కూడా.

ముందుగా పాశ్చాత్య వైద్యంలోనే ఈ వ్యాధి పేరుకు ఉన్న చరిత్రను గుర్తుచేసుకోవాలి. 1906 నవంబరులో జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో జరిగిన వైద్యుల సభలో ఆలోయిస్ అల్జీమర్ ఒక స్త్రీ రోగచరిత్రను వివరించాడు. ఫ్రాంక్‌ఫర్ట్ చికిత్సాలయంలో చేరేనాటికి ఆమె వయస్సు 51 ఏళ్లు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన మనోవైద్య పాఠ్యగ్రంథంలో ఆ స్థితికి అల్జీమర్ పేరు పెట్టాడు. నడివయస్సులో వచ్చే అరుదైన రోగంగానే దాన్ని దశాబ్దాల పాటు పరిగణించారు. డెబ్బై, ఎనభై ఏళ్లవారిలో కనిపించే మతిమరుపును వేరుగా, వయస్సుతో వచ్చే మార్పుగా చూశారు. 1976లో అమెరికా నాడీవైద్యుడు రాబర్ట్ కాట్జ్‌మన్ ఈ రెండూ ఒకే వ్యాధి అని వాదించిన తరువాతే ముదిమిలోని మరుపు ప్రజారోగ్య సమస్యగా స్థిరపడింది. అంటే ‘అల్జీమర్స్’ అనే పదానికి నేడున్న విస్తృతార్థం యాభై ఏళ్ల కిందటిది మాత్రమే. రెండు వేల ఏళ్ల నాటి గ్రంథాల్లో దానికి సమానపదం వెతికేవారు ఈ సంగతిని సాధారణంగా పట్టించుకోరు.

సంహితల్లో ముదిమి, మరుపు

చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వయస్సును బాల్యం, మధ్యం, జీర్ణం అని మూడుగా విభజించారు. అరవై ఏళ్లు దాటిన దశను వర్ణించేటప్పుడు ధాతువులు, ఇంద్రియాలు, బలం, పరాక్రమం మొదలైనవి క్రమంగా తగ్గుతాయని చెప్పి, ఆ జాబితాలోనే గ్రహణ, ధారణ, స్మరణ, వచన, విజ్ఞానాలను కూడా చేర్చారు. ఈ జాబితా చాలా విలువైనది. కొత్త విషయాన్ని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని నిలుపుకోవడం, నిలిచినదాన్ని తలచుకోవడం, తలచుకున్నదాన్ని మాటలో పెట్టడం అనే నాలుగు వ్యాపారాలను చరకం విడివిడిగా పేర్కొన్నది. నేటి నాడీవైద్యులు జ్ఞాపకాన్ని పరీక్షించేటప్పుడు చేసే విభజన కూడా ఇంచుమించు ఇదే. అయితే ఈ వర్ణన వచ్చిన చోటును గమనించాలి. ఇది రోగనిదానం కాదు, రోగిని పరీక్షించే పద్ధతుల్లో వయస్సును అంచనా వేసే సందర్భం. ఆ దశలో వాతం ప్రధానంగా ఉంటుందని చెప్పడంతో వర్ణన ముగుస్తుంది. చికిత్స ప్రసక్తి లేదు.

సుశ్రుతసంహిత సూత్రస్థానం వ్యాధులను ఏడు విధాలుగా విభజించి, చివరి విధానికి స్వభావబలప్రవృత్తాలు అని పేరు పెట్టింది. ఆకలి, దప్పిక, నిద్ర, మృత్యువులతో పాటు ముసలితనాన్ని కూడా అందులోనే చేర్చింది. మళ్లీ వాటిలో కాలానికి వచ్చేవీ, అకాలంలో వచ్చేవీ అని విభాగం చేసింది. తగిన జాగ్రత్తలు తీసుకున్నా కాలానికి వచ్చే ముదిమిని ఆపలేమనీ, అకాలంగా వచ్చేదాన్నే వైద్యుడు పట్టించుకోవాలనీ దీని సారాంశం. శార్ఙ్గధరసంహిత మరింత లెక్కగా చెప్పింది. నూట ఇరవై ఏళ్ల పూర్ణాయుర్దాయంలో పదేళ్లకొకటి చొప్పున మనిషి ఒక్కొక్క గుణాన్ని కోల్పోతాడని ఆ లెక్క. ఈ క్రమంలో మేధ నాలుగవ దశాబ్దంతో, బుద్ధి తొమ్మిదవ దశాబ్దంతో తగ్గుతాయి. మేధకూ బుద్ధికీ మధ్య యాభై ఏళ్ల దూరం ఉంచడం వల్ల, కొత్తది నేర్చే శక్తి నలభైలోనే తగ్గుతుందనీ, మంచిచెడ్డలు తెలిసే శక్తి తొంభై దాకా నిలుస్తుందనీ శార్ఙ్గధరుడు భావించినట్టు ఊహించవచ్చు. లెక్క ఇంత తీరుగా కుదరడం శాస్త్రం కంటే స్మరణసౌకర్యం కోసమేనని నా అభిప్రాయం.

రోగాల అధ్యాయాల్లో స్మృతి ప్రసక్తి ప్రధానంగా రెండు చోట్ల వస్తుంది. మొదటిది అపస్మారం. పదవ్యుత్పత్తిని బట్టి స్మృతి తొలగిపోవడమే అపస్మారం. చరకం కూడా ఆ అర్థాన్నే ఇచ్చింది. కాని వర్ణించిన లక్షణాలు నురగ కక్కడం, కాళ్లుచేతులు కొట్టుకోవడం, ఉన్నట్టుండి స్పృహ తప్పి మళ్లీ లేవడం. తెలుగులో మనం మూర్ఛరోగం అనేది ఇదే. పేరులో స్మృతి ఉన్నంత మాత్రాన దీన్ని ముదిమి మరుపుగా తీసుకోవడానికి వీల్లేదు. రెండవది ఉన్మాదం. మనస్సు, బుద్ధి, సంజ్ఞ, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం అనే ఎనిమిదీ తారుమారు కావడం ఉన్మాదమని చరకనిదానం. అల్జీమర్స్ ముదిరిన దశలో ఈ ఎనిమిదీ చెదరడం నిజమే. అయినా ఉన్మాదానికి చెప్పిన కారణాల్లో వయస్సుకు ప్రాధాన్యం లేదు. నెమ్మదిగా, ఏళ్లకు ఏళ్లు సాగే క్షీణత అన్న భావనా అక్కడ లేదు. ‘స్మృతిభ్రంశం’ అనే మాట సంహితల్లో ఉంది. ధీ, ధృతి, స్మృతులు భ్రష్టమైతే మనిషి ప్రజ్ఞాపరాధం చేస్తాడనీ, సకల రోగాలకూ అది మూలమనీ చరకం బోధించింది. అక్కడ స్మృతిభ్రంశం రోగహేతువు, అదే ఒక రోగం కాదు. దాన్ని ఒక రోగనామంగా నిలబెట్టింది ఆధునికులు.

తెలుగు పలుకుబడిలో మతి

క్షయ, మధుమేహం, పక్షవాతం, కుష్టు వంటి మాటలు నేడు తెలుగు జనసామాన్యానికి పరిచితాలు. ఇవన్నీ సంహితల నుంచి వచ్చి, ఆధునిక వైద్యంలోని ఒక్కొక్క రోగానికి సమానార్థకాలుగా స్థిరపడ్డాయి. ఈ స్థిరపడటంలో అర్థం ఎంత మారిందో కుష్టు పదం చెబుతుంది. సంహితల్లో కుష్ఠం అనేక చర్మరోగాల సముదాయం. తెలుగు వాడుకలో అది ఒకే ఒక రోగానికి పరిమితమై, దానికి తోడు సాంఘికమైన మచ్చను కూడా మోసింది. అల్జీమర్స్‌కు మాత్రం ఇటువంటి దేశీయ నామం నిలవలేదు. పత్రికలు ఆ విదేశీ పేరునే వాడుతున్నాయి, లేదా ‘మతిమరుపు వ్యాధి’ అంటున్నాయి. సంహితల్లో సిద్ధంగా ఒక అధ్యాయం, ఒక పేరు లేకపోవడమే ఇందుకు కారణమని భావిస్తున్నాను.

‘మతిమరుపు’ అన్న సమాసం కూడా ఆలోచింపజేసేదే. సంస్కృతంలో మతి అంటే బుద్ధి, తలంపు. తెలుగులో మతి తప్పింది, మతి చలించింది, మతి భ్రమించింది అంటే ఉన్మాదం. మతికి రావడం లేదు, మతిమరుపు వచ్చింది అంటే మరుపు. ఒకే పదం పిచ్చికీ మరుపుకీ చెల్లడం వల్ల, మరచిపోయే ముసలివారిని ‘మతి లేదు’ అనేసి పక్కన పెట్టడం భాషలోనే సులువైంది. చరకం ఉన్మాద నిర్వచనంలో స్మృతిని చేర్చిన తీరూ, తెలుగు జనం మతి అన్న మాటను వాడిన తీరూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం కాకతాళీయం కాకపోవచ్చు. తెలంగాణలో మరొక మాట ఉంది: యాది. పారసీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ఈ పదానికి పిచ్చితో సంబంధం లేదు. యాదిమరుపు అన్నప్పుడు తప్పినది జ్ఞాపకం మాత్రమే, బుద్ధి మీద నింద పడదు. రోగిని కించపరచని పేరు కావాలని వైద్యులు వెతికేటప్పుడు ఈ మాటను పరిశీలించడం మంచిది. ఇక ‘చాదస్తం’. చెప్పిందే చెప్పడం, పాతదాన్నే పట్టుకోవడం అనే అర్థంలో ముసలివారికి అంటగట్టే ఈ మాటకు మూలం ఛాందసం, అంటే వేదాధ్యయన సంబంధమైనది. వేలకొద్దీ మంత్రాలను తప్పులేకుండా గుర్తుంచుకున్నవారి పేరు, చెప్పింది మరచి మళ్లీ చెప్పేవారికి తగులుకోవడం భాష చేసిన విచిత్రాల్లో ఒకటి.

తెలుగునాట పుట్టిన వైద్య గ్రంథాల్లో కొట్టూరు బసవరాజు రచించిన బసవరాజీయం ప్రసిద్ధం. సంస్కృత శ్లోకాల మధ్య తెలుగును కలిపి రాసిన ఈ గ్రంథం నాడీపరీక్షకూ, రసౌషధాలకూ ఇచ్చిన ప్రాధాన్యం వల్ల ఆంధ్రదేశపు వైద్యులకు చేతిపుస్తకమైంది. ఇంద్రకంటి వల్లభేంద్రుని వైద్యచింతామణి కూడా అంతే. ఈ గ్రంథాలు మాధవనిదానం ఏర్పరచిన రోగక్రమం నీడలో రూపొందినవి. ఆ క్రమంలో ఉన్మాదానికీ అపస్మారానికీ స్థానం ఉంది, ముదిమి మరుపుకు ప్రత్యేక స్థానం లేదు. ముద్రణ వచ్చాక, 1854లో చెన్నపట్టణంలో మొదలైన వావిళ్ల వంటి సంస్థలు వైద్యగ్రంథాలను తెలుగు తాత్పర్యాలతో వెలువరించాయి. ప్రతి సంస్కృత రోగనామానికీ తెలుగు పాఠకుడికి అర్థమయ్యే మాట, ఆ తరువాత ఇంగ్లీషు రోగనామం చేర్చే అలవాటు క్రమంగా స్థిరపడింది. 1921లో మద్రాసు ప్రభుత్వం నియమించిన ఉస్మాన్ సంఘం 1923లో నివేదిక ఇచ్చింది. దేశీయ వైద్యం శాస్త్రీయమేనా అన్నది ఆ సంఘం ముందున్న ప్రధాన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చిన తరం తమ రోగనామాలను పాశ్చాత్య రోగనామాలతో జతపరచడం సహజం. అల్లోపతి చదివి ఆయుర్వేదానికి మళ్లిన ఆచంట లక్ష్మీపతి (1880–1962) వంటివారి కృషి ఈ నేపథ్యంలోనిది. వారి కాలానికి అల్జీమర్స్ ఎవరికీ పట్టని అరుదైన రోగం. అందుచేత ఆ తరం సమీకరణాల పట్టికల్లో దాన్ని వెతకడం వృథా. స్మృతిభ్రంశం అల్జీమర్స్‌కు పర్యాయపదంగా ప్రచారంలోకి రావడం తరువాతి తరాల పని.

రసాయనం ఎవరికి?

చరకసంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయం మూడవ పాదంలో నాలుగు మేధ్య రసాయనాలు చెప్పబడ్డాయి. మండూకపర్ణి స్వరసం, పాలతో యష్టిమధు చూర్ణం, గుడూచి స్వరసం, వేళ్లూ పువ్వులతో సహా నూరిన శంఖపుష్పి కల్కం. తెలుగులో సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. నాలుగింటిలోనూ శంఖపుష్పిదే అగ్రస్థానం అని చరకం ప్రత్యేకించి చెప్పింది. ఆయుర్వేదంలో అల్జీమర్స్ చికిత్స గురించి రాసేవారందరూ ఎత్తిచూపేది ఈ చోటునే. కాని ఎవరు, ఏ వయస్సులో వాడాలన్న నియమం రసాయన ప్రకరణాల్లోనే ఉంది. రసాయనాన్ని పూర్వవయస్సులో గాని మధ్యవయస్సులో గాని ప్రయోగించాలని సుశ్రుతుడూ వాగ్భటుడూ ఇద్దరూ విధించారు. ముదిమిని ఆలస్యం చేయడం రసాయనం లక్ష్యం. ముదిమి వచ్చి, స్మృతి చెదిరిన తరువాత దాన్ని తిరిగి తెచ్చేదిగా ఆ గ్రంథాలు రసాయనాన్ని చెప్పలేదు. పైగా శోధనతో దేహాన్ని శుద్ధి చేసుకున్నవాడికే అది పనిచేస్తుందనీ, మురికిబట్టకు రంగు పట్టనట్టే శుద్ధి లేని దేహానికి రసాయనం పట్టదనీ అన్నారు. ఎనభై ఏళ్ల రోగికి వమన విరేచనాలు చేయించగలమా అన్నది వేరే చెప్పనక్కరలేదు.

మేధ్య ద్రవ్యాల వినియోగ సందర్భాలు కూడా ఈ మాటనే బలపరుస్తాయి. కాశ్యపసంహిత లేహాధ్యాయం, అష్టాంగహృదయం ఉత్తరస్థానం మొదటి అధ్యాయం శిశువులకు వస, బ్రాహ్మి, బంగారం వంటివి నాకించమంటాయి. తెలుగు ఇళ్లలో వసకొమ్ము అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాయడం ఈ సంప్రదాయపు కొనసాగింపే. అదేపనిగా మాట్లాడేవారిని ‘వసపిట్ట’ అనడం, ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని వేళాకోళం చేయడం వసతో మాటలు వస్తాయన్న నమ్మకాన్ని నిలిపి ఉంచాయి. బిడ్డకు మాట, విద్యార్థికి ధారణ, పండితుడికి ప్రతిభ. సారస్వతం, బ్రాహ్మి అన్న పేర్లే విద్యాధిదేవతకు సంబంధించినవి. ఈ మందుల లోకంలో ముఖ్యపాత్ర నేర్చుకునేవాడిది. మరచిపోయేవాడు అందులోకి ఇటీవల వచ్చాడు.

దీన్ని సంప్రదాయపు లోపంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. అల్జీమర్స్‌లో మెదడులోని మార్పులు లక్షణాలకు ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతాయని నేటి వైద్యం అంటోంది. రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, చదువు లేకపోవడం వంటి పద్నాలుగు కారణాలను ఎదుర్కొనగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో 45 శాతం దాకా నివారించడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని 2024 నాటి లాన్సెట్ సంఘం నివేదిక అంచనా. నడివయస్సులో జాగ్రత్తపడాలన్న సుశ్రుత వాగ్భటుల మాట దిశలో ఈ అంచనాకు దూరం కాదు. దిశ కలిసినంత మాత్రాన ద్రవ్యం పనిచేస్తుందని రుజువు కాదన్నది కూడా అంతే స్పష్టం.

ఏది బ్రాహ్మి?

గ్రంథం చెప్పిన ద్రవ్యం ఏదో తేలకపోతే చికిత్స గురించిన చర్చ అంతా గాలిలో కట్టినదే. మేధ్య ద్రవ్యాల్లో సందిగ్ధత చాలా ఎక్కువ. బ్రాహ్మి అన్న పేరు రెండు మొక్కలకు చెల్లుతోంది. ఒకటి తడినేలలో, చెరువుల అంచుల్లో పాకే, చిన్న మందపు ఆకుల మొక్క. శాస్త్రనామం బకోపా మొన్నియెరి, ద్రవ్యగుణ గ్రంథాల్లో తెలుగు పేరు సంబరేణు. రెండవది గుండ్రని ఆకుతో, కప్ప పాదాన్ని తలపించే సెంటెల్లా ఏసియాటికా. ఇదే మండూకపర్ణి, తెలుగులో సరస్వతి ఆకు. కేరళ వైద్యులు మొదటిదాన్ని బ్రాహ్మి అంటారు. ఉత్తరదేశంలో పలుచోట్ల రెండవదాన్ని బ్రాహ్మిగా అమ్ముతారు. మన ప్రాంతంలో సరస్వతి ఆకు అన్న పేరు కిందనే రెండూ వాడుకలో కలిసిపోవడం కద్దు. సుశ్రుతసంహిత మేధాయుష్కామీయ రసాయన ప్రకరణం మండూకపర్ణినీ బ్రాహ్మినీ వేర్వేరు ప్రయోగాలుగా చెప్పింది కాబట్టి ఆ గ్రంథకర్త దృష్టిలో ఇవి రెండు మొక్కలే. పదహారో శతాబ్దపు భావప్రకాశం నాటికి రెండింటినీ పక్కపక్కనే పెట్టి గుణాలు సమానమన్నట్టు చెప్పడం కనిపిస్తుంది. గుణసామ్యం కాలక్రమంలో నామసామ్యంగా మారిందన్నమాట. చరకం చెప్పిన నాలుగు మేధ్య రసాయనాల్లో బ్రాహ్మి లేదు. ఉన్నది మండూకపర్ణి. నేటి వ్యాసాల్లో ఆ నాలుగింటి జాబితాలోకి బ్రాహ్మి ఎక్కడానికి ఈ కలగాపులగమే కారణం.

శంఖపుష్పి విషయంలో చిక్కు మరింత ఎక్కువ. భారత ఆయుర్వేద ఔషధకోశం కాన్వాల్వులస్ ప్లూరికౌలిస్‌ను శంఖపుష్పిగా నిర్ణయించింది. విష్ణుక్రాంతను వాడేవారూ ఉన్నారు, మన ఇళ్ల ముందు తీగగా పెంచే నీలి శంఖుపువ్వును వాడేవారూ ఉన్నారు. విష్ణుక్రాంత దక్కనులోని మెట్టనేలల్లో, గుట్టల మీది గడ్డిలో విరివిగా దొరుకుతుంది. ఒకే ఘృతాన్ని మూడు ప్రాంతాల్లో చేస్తే మూడు వేర్వేరు మందులు కావచ్చు. వస్తుగుణదీపిక మొదలుకొని తెలుగులో అచ్చయిన ద్రవ్యగుణ గ్రంథాల్లో ఈ పేర్లకు ఇచ్చిన తెలుగు అర్థాలను కాలక్రమంలో పేర్చి చూడటం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. నిఘంటు నిర్మాణంలో శిక్షణ ఉన్నవారు మన దగ్గర ఉన్నారు, వృక్షశాస్త్రజ్ఞుల సహాయం తీసుకుంటే చాలు.

నల్లజీడి ప్రయాణం

హైదరాబాదులో ఆయుర్వేదానికి పొరుగున యునానీ ఉంది. అందుచేత ఇక్కడి చరిత్రలో ఒక పోలిక తప్పదు. యునానీ గ్రంథాల్లో మరుపు ఒక ప్రత్యేక వ్యాధి. పేరు నిస్యాన్. పదో శతాబ్దంలో ట్యునీషియాలోని కైరవాన్ నగర వైద్యుడు ఇబ్న్ అల్ జజ్జార్ మరుపు మీద, దాని చికిత్స మీద విడిగా ఒక గ్రంథమే రాశాడు. ఆ పుస్తకం లాటిన్‌లోకి కూడా వెళ్లింది. మెదడులో చల్లని, తేమగల దోషం పేరుకోవడం కారణమని ఆ వైద్యుల సిద్ధాంతం కాబట్టి వేడి చేసే మందులు చికిత్స. వాటిలో పేరుమోసినది బలాదుర్. ఇది మన నల్లజీడి, సంస్కృతంలో భల్లాతకం. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ ఇదే. చరకం రసాయనపాదంలో భల్లాతక ప్రయోగాలు అనేకం చెప్పింది. రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది, మోతాదు మించితే ప్రాణాపాయం. ఆ హెచ్చరికలు భారతీయ గ్రంథాల్లోనూ ఉన్నాయి, అరబ్బీ గ్రంథాల్లోనూ ఉన్నాయి. తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు అల్ బలాదురీ పేరు వెనుక కథ అందరికీ తెలిసినదే. జ్ఞాపకశక్తి కోసం బలాదుర్ తాగి మతి చెడి మరణించడం వల్ల ఆ పేరు వచ్చిందంటారు. తాగినవాడు అతడా, అతని తాతా అన్న దానిపై ప్రాచీనులకే భిన్నాభిప్రాయాలున్నాయి. కథ నిజమైనా కాకపోయినా, జ్ఞాపకం కోసం తీసుకున్న మందు ఉన్న జ్ఞాపకాన్ని హరించగలదన్న భయం వెయ్యేళ్ల నాటిదని మాత్రం దీనివల్ల తెలుస్తోంది. ఈ భయం నేటికీ నిరాధారం కాదు. 2004లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, బోస్టన్ పరిసరాల్లో అమ్మిన 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి హానికరమైన స్థాయిలో కనిపించింది. సీసం మెదడుకే చేటు. రసౌషధాలకు పెద్దపీట వేసిన బసవరాజీయ సంప్రదాయం నడిచిన మన ప్రాంతంలో ఈ సంగతి ఉపేక్షించదగినది కాదు. మెదడు రోగాలను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం నిషేధించినా ప్రకటనలు ఆగలేదు.

హైదరాబాదు, నేడు

వైద్యచరిత్ర అధ్యయనానికి 1956లో ఆంధ్ర ప్రభుత్వ సహాయంతో ఏర్పడి, డి.వి. సుబ్బారెడ్డి కృషితో ఎదిగిన విభాగమే నేడు గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ. ఆయుష్ రోగనామాలకు ప్రామాణిక సంకేతాలు ఇచ్చే ‘నమస్తే’ పట్టిక రూపకల్పనలో ఈ సంస్థది ముఖ్యపాత్ర. ఆ పట్టిక 2017లో వెలువడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో తన అంతర్జాతీయ రోగవర్గీకరణలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ పదాలకు చోటిచ్చింది. పదాల సమీకరణం ఇప్పుడు పండితుల మధ్య చర్చ మాత్రమే కాదు. ఆసుపత్రి కాగితం మీద, గణాంకాల్లో, రేపు బీమా లెక్కల్లో అది నిర్ణయాధికారం పొందుతుంది. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇంతమందికి పెట్టే పేరు విషయంలో తొందర తగదు.

ద్రవ్యాల మీద పరిశోధన కూడా సాగుతోంది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ బకోపా నుంచి బాకోసైడ్లను వేరుచేసి అధ్యయనం చేసింది. ఆరోగ్యవంతులపై జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో జ్ఞాపకం కొంత మెరుగైనట్టు కనిపించింది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2012లో అశ్వగంధ, అంటే మన పెన్నేరు, వేరు సారంతో అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల్లో మార్పు వచ్చిందనీ, ఆ మార్పు కాలేయం ద్వారా జరిగిందనీ ప్రకటించింది. ఎలుకల నుంచి మనుషుల దాకా దూరం చాలా ఉంది. అల్జీమర్స్‌ను నయం చేసే మందు ఆయుర్వేదంలోనూ స్థాపితం కాలేదు, ఆధునిక వైద్యంలోనూ లేదు. డోనెపెజిల్ వంటివి లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి, కొత్తగా వచ్చినవి క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి, అంతే.

తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన ఫలితం మరొకటి ఈ నగరంలోనే వచ్చింది. నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఒకే భాష తెలిసినవారి కంటే రెండో భాష కూడా తెలిసినవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనిపించింది. చదవడం రాయడం రానివారిలో కూడా ఈ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన హైదరాబాదు వంటి నగరంలోనే ఇటువంటి పరిశీలన సాధ్యం. ఇది కార్యకారణ సంబంధాన్ని పూర్తిగా రుజువు చేయదు. అయినా చరకం శారీరస్థానంలో స్మృతికి చెప్పిన ఎనిమిది కారణాల్లో సాదృశ్యం, వైపరీత్యం, అభ్యాసం, మళ్లీ వినడం ఉన్నాయి. రెండు భాషల మధ్య రోజూ రాకపోకలు సాగించేవాడు నిరంతరం చేసేది ఈ నాలుగు పనులే.

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, ద్రవ్యం, ఉపస్థాత, రోగి. ఒక్కొక్కరికి నాలుగు గుణాలుండాలి. రోగికి ఉండవలసిన నాలుగింటిలో మొదటిది స్మృతి, చివరిది జ్ఞాపకత్వం. ఇక్కడ జ్ఞాపకత్వం అంటే తన బాధను ఇతరులకు తెలియజేయగలగడం. ఎందుకంటే సంస్కృతంలో జ్ఞాపకం అంటే తెలియజేసేది. తెలుగు ఆ మాటకు తలచుకోవడం అన్న అర్థాన్నిచ్చింది. అల్జీమర్స్ రోగికి ఈ మొదటిదీ లేదు, చివరిదీ లేదు. ఆ విధంగా నాలుగు పాదాల్లో ఒకటి కుంటుపడ్డప్పుడు రోగచరిత్ర చెప్పవలసింది, మందు వేళకు ఇవ్వవలసింది, భయం పోగొట్టవలసింది ఉపస్థాతయే. ఉపస్థాతకు చరకం విధించిన గుణాలు ఉపచారం తెలియడం, నేర్పు, అనురాగం, శుచి. మన ఇళ్లలో ఈ పాదం కోడలో, కూతురో, భార్యో. మేధ్య రసాయనాల మీద వెలువడినంత రచన ఉపస్థాత మీద వెలువడలేదు. తెలుగు వైద్య గ్రంథాల పీఠికల్లో, తాత్పర్యాల్లో ఉపస్థాతను ఏ మాటతో అనువదించారు, పరిచారకుడనా, సేవకుడనా, ఇంటివారనా అన్నది ఇంకా పరిశీలించవలసే ఉంది.